61 మెట్ల కీబోర్డు, ఒక భజన మండలి: కడప ప్రాజెక్టు డైరీ

కడపలో ఒక భజన మండలి. శనివారం సాయంత్రం గుడి మండపంలో కూర్చుని పాడే భజన ఒకటి, పండగలప్పుడు వీధిలో ఆడే చెక్క భజన ఇంకొకటి. హార్మోనియం, డోలక్, తాళాలు ముందునుంచీ ఉన్నాయి. కొత్తగా 61 మెట్ల కీబోర్డు వచ్చి చేరింది. స్టైల్ (పెట్టెలో తయారుగా ఉన్న తాళం, వాద్యాల తోడు) బటన్ నొక్కడం, ఎడమ చేత్తో కార్డు (కలిపి నొక్కే స్వరాల గుంపు) పట్టడం, ఆ మోతలో పాటను ఈడ్చుకుపోవడం - ఇన్నాళ్లూ దాని వాడకం అంతే. పాడేవాళ్లు పెట్టె వెనక పరిగెత్తాల్సి వచ్చింది. ఈ ప్రాజెక్టు లెక్క దానికి తలకిందులు: గొంతు, అడుగు ఎటు పోతే కీబోర్డు అటు పోవాలి. అందుకు ఏ ఫీచర్లు పనికొచ్చాయి, ఏవి ఆపేయాల్సి వచ్చింది అన్నదే ఈ రాత.

పేర్ల సంగతి ముందే చెప్పుకోవాలి. యమహా వాళ్లు వాయిస్ (ఏ వాద్యంలా పలకాలన్నది), స్టైల్ అన్నదాన్నే కేసియో వాళ్లు టోన్, రిథమ్ అంటారు. సెట్టింగులన్నీ ఒక బటన్‌లో దాచుకునే రిజిస్ట్రేషన్ మాత్రం రెండుచోట్లా రిజిస్ట్రేషనే. ఇక్కడ వాయిస్, స్టైల్ అనే రాస్తున్నాం.

సామాను: కీబోర్డు 1, దాని అడాప్టరు 1, ఏఏ సైజు ఆల్కలైన్ సెల్స్ 6, సస్టెయిన్ పెడల్ 1, స్టీరియో పిన్ను నుంచి రెండు మోనో పిన్నులకు చీలే వై కేబుల్ 1, డీఐ బాక్సు (పొడుగు కేబుల్‌లో రొద చేరకుండా సిగ్నల్‌ను మార్చే పెట్టె) 1, ఫోనులో ట్యూనర్ యాప్, చిన్న పెన్‌డ్రైవ్, మాస్కింగ్ టేపు, మార్కర్.

1వ రోజు: కరెంటు, వైర్లు

మండపంలో అప్పటికే వేలాడుతున్న అడాప్టరు వేరే సామానుది. పిన్ను దూరింది కదా అని పెట్టేయకూడదు. వోల్టేజీ ఒక్కటే చూస్తే చాలదు, పిన్ను లోపలి భాగం ధనమా రుణమా అన్నది కూడా చూడాలి. అడాప్టరు మీద చిన్న బొమ్మ ఉంటుంది: మధ్య చుక్క, చుట్టూ అర్ధవృత్తం, వాటికి ప్లస్, మైనస్ గుర్తులు. యమహా 12 వోల్టుల అడాప్టర్లలో మధ్యది ప్లస్. పాత కేసియోలకు వచ్చిన 9 వోల్టుల ఏడీ-5 లో మధ్యది మైనస్. ఒకదానిది ఒకదానికి పెడితే అదృష్టం బాగుంటే వెలగదు, బాగాలేకపోతే లోపల కాలుతుంది. యాంపియర్లు మాత్రం కావలసిన దానికంటే ఎక్కువున్నా నష్టం లేదు, తక్కువుంటేనే చిక్కు: వాల్యూమ్ పెంచి బేస్ నొక్కగానే కీబోర్డు ఆగి మళ్లీ మొదలవుతుంది. అడాప్టరు మీద, కీబోర్డు వెనక ఒకే రంగు టేపు అంటించాం. ఇక ఎవరు బిగించినా ఒకటే.

తర్వాత యాంప్లిఫయర్. ఇక్కడ వచ్చిన తప్పు చాలా గుళ్లలో వినబడేదే. కీబోర్డు వెనక ఉన్నది స్టీరియో హెడ్‌ఫోన్ జాక్. దాన్నుంచి రెండు చివరలా మూడు భాగాల పిన్ను ఉన్న కేబుల్‌ను నేరుగా మిక్సర్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌కు పెట్టారు. పియానో పల్చగా, నూతిలోంచి వచ్చినట్టు వినబడింది. హార్మోనియం వాయిస్ దాదాపు మాయం, దాని రివర్బ్ (ప్రతిధ్వని) మాత్రం మిగిలింది. కారణం: బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ రెండు తీగల మధ్య తేడాను తీసుకుంటుంది. కుడి ఎడమల్లో ఒకేలా ఉన్న శబ్దం ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే సున్నా అవుతుంది. మధ్యలో వినబడాల్సిన వాయిస్ అంతా అలా కొట్టుకుపోతుంది. వై కేబుల్ వేసి రెండు మోనో పిన్నులను రెండు ఛానళ్లకు ఇచ్చాక సర్దుకుంది.

ఒకే ఛానల్ ఖాళీగా ఉంటే? ఎడమ పిన్ను ఒక్కటే పెట్టి, మెనూలో మోనో అవుట్‌పుట్ సెట్టింగు ఉంటే అది ఎంచుకోవాలి. లేకపోతే పియానో పై మెట్లు కొంచెం తగ్గి వినబడతాయి, భజనకు అదేమీ అడ్డు కాదు. మోనో పిన్నును నేరుగా స్టీరియో జాక్‌లో దూర్చడం మంచిది కాదు, కుడి ఛానల్ అవుట్‌పుట్ భూమికి షార్ట్ అవుతుంది.

పాత పీఏ యాంప్లిఫయర్ మైక్ ఇన్‌పుట్‌కు పెడితే గరగర. మైకుకు ఉద్దేశించిన ఇన్‌పుట్‌కు కీబోర్డు మట్టం చాలా ఎక్కువ. ఆక్స్ ఇన్‌పుట్‌కు మార్చి, కీబోర్డు వాల్యూమ్ మూడింట రెండు వంతుల దగ్గర ఆపి, మిగతాది యాంప్లిఫయర్ మీద పెంచాం. మిక్సర్ 15 మీటర్ల దూరంలో ఉంటే మధ్యలో డీఐ బాక్సు. 5, 6 మీటర్లు దాటిన మామూలు కేబుల్ మండపంలోని సీరియల్ లైట్ల రొదనంతా ఏరుకొస్తుంది.

సస్టెయిన్ పెడల్ తిరగబడి పనిచేసింది: కాలు తీస్తే సాగుతుంది, తొక్కితే ఆగుతుంది. చాలా కీబోర్డులు ఆన్ చేసిన క్షణంలో పెడల్ స్థితిని చూసి ఇదే 'తొక్కని స్థితి' అనుకుంటాయి. కాలు దాని మీద ఉండగా ఆన్ చేస్తే ఇలాగే అవుతుంది. ఆపి, పెడల్ ముందే గుచ్చి, కాలు తీసి ఆన్ చేస్తే సరి.

2వ రోజు: హార్మోనియంతో కలపడం

కీబోర్డు ఆన్ కాగానే ప్రామాణిక శ్రుతిలో ఉంటుంది, ఎ స్వరం 440.0 హెర్ట్జ్. మండలి హార్మోనియం అలా లేదు. ట్యూనర్‌లో చూస్తే మధ్య సి 261.6 రావాల్సిన చోట 263.4 వచ్చింది. అంటే ఆ పెట్టె 443 మీద ఉంది. తేడా దాదాపు 12 సెంట్లు, అంటే అర్ధస్వరంలో (పక్కపక్క మెట్ల మధ్య దూరంలో) ఎనిమిదో వంతు. విడిగా వింటే తెలియదు. రెండూ కలిస్తే సెకనుకు రెండుసార్లు దగ్గర అలలా ఊగుతుంది.

హార్మోనియం రీడ్లు గీకడం కంటే కీబోర్డును కదపడం తేలిక: ఫంక్షన్ మెనూలో ట్యూనింగ్ విలువ 440.0 నుంచి 443.0. సరిచూసే పద్ధతి: రెండింటిలో ఒకే షడ్జం పట్టుకుని, ఊగడం నిదానమై ఆగేదాకా విలువ జరపాలి. యాప్ కంటే చెవే ఇక్కడ నిక్కచ్చి. ఈ పని భజన జరిగే వేళకే చెయ్యాలి. ఇత్తడి రీడు వేడికి కొద్దిగా దిగుతుంది, కీబోర్డు దిగదు. మే నెల మధ్యాహ్నం కడప బండల మీద కూర్చుని కుదిర్చిన శ్రుతి రాత్రికి మళ్లీ తేడా చూపిస్తుంది.

పాడేవాళ్ల శ్రుతులు మూడు తేలాయి. పెద్దాయన 1 శ్రుతి, ఇంకొకరు 2, ఆడవాళ్లు 5½. వాయించేవాళ్ల వేళ్లకు వచ్చింది సి నుంచి ఒక్క వరసే. వేళ్లు మార్చకుండా శ్రుతిని పైకీ కిందికీ జరిపే ట్రాన్స్‌పోజ్ ఉన్నది అందుకే. 1 శ్రుతికి (సి) 0, 2 కు (డి) +2. 5½ అంటే జి షార్ప్. దానికి +8 కూడా పెట్టవచ్చు, -4 కూడా పెట్టవచ్చు. మేం -4 ఎంచుకున్నాం. మధ్య సి మెట్టు నొక్కితే ఆడవాళ్ల ఆధార షడ్జం సరిగ్గా అక్కడే పలుకుతుంది. +8 పెడితే అదే మెట్టు ఒక స్థాయి పైన పలికి, వాయించేవాళ్లు ఎడమ చివరకు జరగాల్సి వస్తుంది, అక్కడ డ్రోన్‌కు (తంబురాలా ఆగకుండా మోగే ఆధార స్వరాలకు) చోటు మిగలదు.

ట్రాన్స్‌పోజ్ వేరు, ఆక్టేవ్ (స్థాయి మార్చేది) వేరు. మొదటిది చాలావాటిలో స్టైల్‌లోని బేస్‌ను, కార్డులను కూడా కదుపుతుంది, రెండోది చేత్తో వాయించే వాయిస్‌నే కదుపుతుంది. డ్రమ్ కిట్ ట్రాన్స్‌పోజ్‌కు కదలదు, కదలకూడదు కూడా. పెన్‌డ్రైవ్ నుంచి మోగే ఆడియో ఫైలు మెట్ల ట్రాన్స్‌పోజ్‌కు లొంగదు. తంబురా రికార్డింగు పెట్టుకుంటే ప్రతి శ్రుతికీ ఒక ఫైలు కావాలి. పెన్‌డ్రైవ్ కనబడటం లేదంటే ముందు దాని ఫార్మాట్ చూడాలి, ఫ్యాట్32 కాకపోతే చాలా కీబోర్డులు దాన్ని పట్టించుకోవు.

3, 4 రోజులు: స్కేల్ ట్యూనింగ్ - పెట్టాం, తీశాం, మళ్లీ పెట్టాం

అన్ని కీబోర్డుల్లో ఇది ఉండదు, కొనేముందే మెనూలో వెతుక్కోవాలి. ఉంటే 12 మెట్లలో ఒక్కోదాన్ని సెంట్ల లెక్కన పైకీ కిందికీ జరపవచ్చు. మామూలుగా కీబోర్డు అర్ధస్వరాలన్నీ సమానం, ఒక్కోటి 100 సెంట్లు. తంబురా దగ్గర కూర్చుని పాడే గొంతు నిలిచే చోట్లు అవి కావు.

షడ్జం సి అనుకుని వేసిన విలువలు ఇవి. శుద్ధ రిషభం +12, చతుశ్రుతి రిషభం +4, సాధారణ గాంధారం +16, అంతర గాంధారం -14, శుద్ధ మధ్యమం -2, ప్రతి మధ్యమం -10, పంచమం +2, శుద్ధ ధైవతం +14, చతుశ్రుతి ధైవతం -16, కాకలి నిషాదం -12. కైశికి నిషాదం దగ్గర ఆగి ఆలోచించాలి: 16/9 నిష్పత్తి తీసుకుంటే -4, 9/5 తీసుకుంటే +18. రెండింటి మధ్య తేడా 22 సెంట్లు, చెవికి స్పష్టంగా తెలుస్తుంది. మధ్యమంతో జత కట్టి నిలిచే పాటలకు -4 హాయిగా ఉంది, అదే ఉంచాం. పంచమం, మధ్యమం మార్పు రెండేసి సెంట్లే కాబట్టి వదిలేసినా కొంప మునగదు. అసలు తేడా గాంధారంలో, ధైవతంలో తెలుస్తుంది. షడ్జం డ్రోన్ మీద అంతర గాంధారం పట్టుకుని ట్యూనింగ్ ఆన్, ఆఫ్ చేస్తూ వింటే, ఒకదాంట్లో రెండు స్వరాలు, ఇంకోదాంట్లో ఒక్క స్వరం వినబడినట్టుంటుంది.

ఇక చిక్కులు. మొదటిది ట్రాన్స్‌పోజ్‌తో. ఈ విలువలు నొక్కిన మెట్టుకు అంటుకుంటాయా, పలికే స్వరానికి అంటుకుంటాయా అన్నది ఒక్కో కీబోర్డులో ఒక్కో తీరు. పరీక్ష తేలిక. ఇ మెట్టును తాత్కాలికంగా -50 చేసి ట్రాన్స్‌పోజ్ +2 పెట్టాలి. ఇ నొక్కితే వంకరగా పలికితే విలువ మెట్టుకు అంటుకున్నట్టు, అప్పుడు ఒక్క పట్టిక అన్ని శ్రుతులకూ సరిపోతుంది. డి నొక్కితే వంకర పలికితే విలువ స్వరానికి అంటుకున్నట్టు, అప్పుడు 2 శ్రుతికీ 5½ శ్రుతికీ పట్టికను జరిపి రాసుకోవాలి. మా చేతిలోనిది మొదటి రకం, బతికిపోయాం.

రెండోది హార్మోనియంతో. అది సమాన అర్ధస్వరాల పెట్టె. కీబోర్డు గాంధారం -14 మీద, హార్మోనియం గాంధారం 0 మీద ఉంటే మధ్య స్థాయిలో సెకనుకు రెండున్నర సార్లకు పైనే అల కొడుతుంది. శనివారం రిహార్సల్‌లో "గాంధారం కాడ యేదో గిలగిలమంటాంది సామీ" అన్నది తాళాలు వేసే ఆయన. ట్యూనర్ చూడకుండా స్వరం పేరుతో సహా చెప్పాడు. కాబట్టి హార్మోనియం మోగినంతసేపూ స్కేల్ ట్యూనింగ్ ఆఫ్. హార్మోనియం పక్కన పెట్టి కీబోర్డు ఒక్కటే గొంతుతో పోయే పద్యం, నిదానపు కీర్తన దగ్గర ఆన్. రెండు రోజులు ఆ విలువల మీద కూర్చున్నాక ఒప్పుకోవడం కష్టమే గానీ, రెండు శ్రుతిపెట్టెలు ఉన్నప్పుడు కదపగలిగేదే కదలాలి.

మూడోది: స్కేల్ ట్యూనింగ్ ఆన్‌లో ఉండగా స్టైల్ కార్డులు వేస్తే కొన్ని కార్డులు పుల్లగా పడతాయి. డి మైనర్ చూడండి: డి +4, ఎ -16, మధ్యలో పంచమ సంబంధం 20 సెంట్లు కుంచించుకుపోయింది. ఇది సరిచేసే దారి లేదు, కార్డులు మానడమే.

5వ రోజు: కార్డులు ఎందుకు ఆపేశాం

స్టైల్‌లో ఏసీఎంపీ లేదా అకంప్ అనే బటన్ ఆన్‌లో ఉంటే ఎడమ చేతి మెట్లను కీబోర్డు కార్డుగా చదివి బేస్, గిటార్, స్ట్రింగ్స్ అన్నీ తోడు తెస్తుంది. సినిమా పాటకు బాగుంటుంది. మధ్యమావతి తీసుకోండి: స రి మ ప ని, గాంధారమే లేదు. సి మేజర్ పడితే అంతర గాంధారం, సి మైనర్ పడితే సాధారణ గాంధారం, రెండూ రాగంలో లేనివే. మోహనలో సి మేజర్ సరిపోతుంది, దాని పక్కన అలవాటుగా వచ్చే ఎఫ్ మేజర్ మధ్యమాన్ని, జి 7 మధ్యమ నిషాదాలను తెచ్చి పెడతాయి. పాడేవాళ్లు తడబడి స్వరం మార్చుకుంటారు, తప్పు వాళ్లదే అనుకుంటారు.

ఏసీఎంపీ ఆఫ్ చేస్తే స్టైల్‌లో వాద్యాలు పోయి తాళం ఒక్కటే మిగులుతుంది. మాకు కావలసింది అదే. ఖాళీ అయిన ఎడమ భాగాన్ని స్ప్లిట్ చేసి (వేరే వాయిస్‌కు విడదీసి) డ్రోన్‌కు ఇచ్చాం: షడ్జం, పంచమం, పై షడ్జం. హిందోళానికి మాత్రం వేరే అమరిక. అందులో పంచమం లేదు, కాబట్టి షడ్జం, మధ్యమం. ఇది మరిచిపోయి అన్నిటికీ ఒకే డ్రోన్ పెడితే హిందోళం మొదటి మాటకే పాడు.

ఎడమ చేయి డ్రోన్ పట్టుకునే కూర్చుంటే కుడి చేయి ఒక్కటే మిగులుతుంది. ఎడమ వాయిస్‌ను పట్టి ఉంచే హోల్డ్ సౌకర్యం ఉంటే అది మంచిది. లేకపోతే సాంగ్ రికార్డింగులో 8 బార్లు రికార్డు చేసి రిపీట్ పెట్టాలి. ఇక్కడొక మెలకువ: స్ట్రింగ్స్ లాంటి సాగే వాయిస్‌తో రికార్డు చేస్తే, మళ్లీ మొదటికి వచ్చే చోట చిన్న తెగుడు వినబడుతుంది. తంబురా వాయిస్ ఉంటే సరే, లేకపోతే సితార్ వాయిస్‌ను ఒక స్థాయి దించి, టచ్ మెత్తగా పెట్టి, పంచమం-షడ్జం-షడ్జం-మంద్ర షడ్జం మీటాలి. చివరి బీటు ఖాళీగా వదలాలి. మీటిన శబ్దం అప్పటికే చల్లారి ఉంటుంది కాబట్టి తెగుడు తెలియదు.

డ్రోన్ నడుమ పాటలో మాయమైంది ఒకసారి. కారణం పాలిఫోనీ. ఈ తరగతి కీబోర్డులు ఏకకాలంలో 48 లేదా 64 స్వరాలు పలుకుతాయి. లేయర్ (ఒకే మెట్టు మీద రెండు వాయిస్‌లు) పెడితే ఒక మెట్టు రెండు స్వరాలు తింటుంది, స్టీరియో వాయిస్ అయితే మళ్లీ రెట్టింపు. పెడల్ తొక్కి 8 మెట్లు జారిస్తే 32 అక్కడికే అయిపోయాయి, స్టైల్‌ది అదనం. హద్దు దాటగానే పాత స్వరాన్ని ఆపేస్తుంది, అందరికంటే పాతది డ్రోనే. హార్మోనియం వాయిస్‌కు పెడల్ వాడకూడదని నిర్ణయం. అసలు హార్మోనియానికి పెడల్ ఎక్కడిది?

6వ రోజు: రిజిస్ట్రేషన్

ఈ ప్రాజెక్టులో ఒక్క రోజే దొరికితే ఈ పనికే ఇవ్వాలి. వాయిస్, స్ప్లిట్, లేయర్, ట్రాన్స్‌పోజ్, స్టైల్, టెంపో, రివర్బ్ - అన్నీ ఒక బటన్‌లో దాచుకోవచ్చు. మొదట చేసిన అమరిక పాటకొక బటన్. రెండో పాటకే బెడిసింది: అదే పాటను ఆరోజు ఆడవాళ్లు ఎత్తుకున్నారు, బటన్‌లో దాగింది 1 శ్రుతి. పాట మధ్యలో వేణువు కోసం పక్క బటన్ నొక్కగానే శ్రుతి రెండు అర్ధస్వరాలు ఎగిరింది, అందులో ట్రాన్స్‌పోజ్ +2 దాగి ఉంది.

మార్చిన అమరిక: బ్యాంకు అంటే శ్రుతి, బటన్ అంటే పాటలో దశ. బ్యాంకు 1 మొత్తం 1 శ్రుతి, బ్యాంకు 2 మొత్తం 2, బ్యాంకు 3 మొత్తం 5½. ప్రతి బ్యాంకులోనూ బటన్ 1 హార్మోనియం, స-ప డ్రోన్. బటన్ 2 వేణువు, అదే డ్రోన్. బటన్ 3 హార్మోనియం, స-మ డ్రోన్. బటన్ 4 డ్రోన్ లేకుండా వేగపు భజన. ఎవరు ఎత్తుకుంటున్నారో చూసి పాటకు ముందు బ్యాంకు మార్చాలి, పాట నడిచేటప్పుడు బ్యాంకు జోలికి పోకూడదు. బటన్ ఎటు నొక్కినా శ్రుతి కదలదు. 12 సెట్టింగులు మాస్కింగ్ టేపు మీద రాసి ప్యానెల్‌కు అంటించాం. టెంపోను రిజిస్ట్రేషన్ కదపకుండా ఫ్రీజ్ చేసే సౌకర్యం ఉంటే ఆన్ చేసుకోవాలి.

హార్మోనియం వాయిస్ సంగతి: జనరల్ మిడి (కంపెనీలకు ఉమ్మడి వాయిస్‌ల) జాబితాలో 21వది రీడ్ ఆర్గాన్. దాని కింద అదే వాయిస్‌ను ఒక స్థాయి దించి, వాల్యూమ్ సగానికి తగ్గించి లేయర్ చేస్తే రెండు వరసల రీడ్ల నిండుదనం వస్తుంది. టచ్ రెస్పాన్స్ ఆఫ్ చెయ్యాలి, హార్మోనియం మెట్టును గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా ఒకటే. వేణువుకు మాత్రం టచ్ మీడియం. రివర్బ్ బాగా దించాలి: రాతి మండపానికి తన ప్రతిధ్వని తనకుంది, కీబోర్డు హాల్ రివర్బ్ దాని మీద పడితే పాట మాటలు కలిసిపోతాయి.

దాచేటప్పుడు తెర మీద రాస్తున్నట్టు సందేశం కనబడుతున్నంతసేపూ పవర్ తీయకూడదు. తీస్తే ఆ ఒక్క బటనే కాదు, మొత్తం జ్ఞాపకం చెదరవచ్చు. పూర్తయ్యాక పెన్‌డ్రైవ్‌కు బ్యాకప్.

8వ రోజు: చెక్క భజన తాళం

కూర్చుని పాడే భజన ఒక నడకలో పోతుంది. చెక్క భజన అలా కాదు, నిదానంగా మొదలై అడుగు మారినకొద్దీ వేగం పెరుగుతుంది. ఆ వేగం గురువు కాలి గజ్జెల్లో ఉంటుంది. స్టైల్‌ను నిమిషానికి 92 బీట్ల మీద పెట్టి వదిలేస్తే మూడో అడుగుకే తాళం ఒకదారి, చెక్కలు ఒకదారి. టెంపో బటన్‌తో ఒక్కో అంకె పెంచితే చేతికి ఖాళీ ఉండదు.

పనికొచ్చింది ట్యాప్ టెంపో. స్టైల్ ఆగి ఉన్నప్పుడు నాలుగు లెక్కల తాళానికి నాలుగుసార్లు తడితే ఆ వేగంలోనే మొదలవుతుంది. యమహా పీఎస్‌ఆర్-ఇ రకాల్లో మోగుతున్నప్పుడు రెండుసార్లు తడితే చాలు, వేగం మారుతుంది. గురువు అడుగు మార్చే ముందు వచ్చే రెండు గజ్జె దెబ్బల మీద రెండు తట్లు. కానీ రెండు తట్ల మధ్య చిన్న తడబాటు వస్తే వేగం ఒక్కసారిగా దూకుతుంది. 100 దగ్గర ఒక బీటు 600 మిల్లీసెకన్లు. 50 మిల్లీసెకన్లు ముందు తడితే 109 అవుతుంది. తట్టే వేలు కాలితో పాటు ఊగాలి, కంటితో చూసి తట్టకూడదు. ఇంత చేసినా 130 దాటాక స్టైల్ ఆపేయడమే మేలని తేలింది. అక్కడ నిజమైన చెక్కలు, డోలక్ చాలు. కీబోర్డు వేణువు వాయించుకుంటూ పక్కన నడవాలి. డ్రమ్ కిట్‌లోని 75వ స్వరం క్లేవ్స్, 54వ స్వరం టాంబురిన్ కలిపితే చెక్కల గలగలకు దగ్గరగా వస్తుంది గానీ, పది మంది చేతుల్లో నిజం చెక్కలుండగా దాన్ని కలపడం వృథా. ఎంత కుదిర్చినా రెండు దెబ్బల్లా వినబడుతుంది. చెక్కలు లేని ఇంటి సాధనకు వాడుకోవచ్చు.

మిశ్రచాపు స్టైల్ లేదు. 7 లెక్కల తాళం సెట్ చేసే వీలు లేని కీబోర్డులో దారి ఇది: 4/4 లోనే 7 బార్లు రికార్డు చెయ్యాలి. 7 బార్లకు 28 బీట్లు, అంటే మిశ్రచాపు సరిగ్గా 4 ఆవర్తనాలు. ఖండచాపుకు 5 బార్లు, 20 బీట్లు, మళ్లీ 4 ఆవర్తనాలే. మెట్రోనోమ్ గంట ఆపేయాలి, లేకపోతే ప్రతి నాలుగో బీటుకు మోగి లెక్క చెడగొడుతుంది. 3+2+2 నడకలో దెబ్బలు 1, 4, 6 మీద. ఒకటి మీద లో కాంగా, 64వ స్వరం. నాలుగు, ఆరు మీద హై బాంగో, 60వ స్వరం. ఒకటి మీద తాళాలకు ఓపెన్ ట్రయాంగిల్, 81వ స్వరం. డ్రమ్ కిట్‌లో తబలా, డోలక్ ఉన్న కీబోర్డులైతే ఇంకా మేలు. రికార్డు చేశాక ఎనిమిదో నోటుకు (అర బీటుకు) క్వాంటైజ్ చేస్తే తప్పిన దెబ్బలు గాట్లో పడతాయి.

9వ రోజు: పిచ్ బెండ్

పిచ్ బెండ్ చక్రం తిప్పితే పట్టుకున్న స్వరం పైకీ కిందికీ వంగుతుంది. దాని పరిధి 2 అర్ధస్వరాలే ఉంచాం. చతుశ్రుతి రిషభం మెట్టు పట్టుకుని చక్రం పూర్తిగా పైకి తోస్తే అంతర గాంధారం అందుతుంది, జారుకు అది చాలు. పరిధి 12 పెడితే పంచమం నుంచి పై షడ్జానికి పాకడం సరదాగా ఉంటుంది గానీ, చిన్న కంపితం వేయబోతే చక్రం వెంట్రుకవాసి కదిలినా స్వరం దాటిపోతుంది. వేణువు వాయిస్‌లో తయారీ నుంచే ఉన్న వైబ్రాటోను సున్నా చెయ్యాలి, అది గమకం మీద గమకంలా పడుతుంది. చక్రం తిప్పితే డ్రోన్ కూడా వంగుతుందేమో ముందే చూసుకోవాలి, కొన్నిటిలో అన్ని భాగాలూ కలిసి వంగుతాయి. వంగితే డ్రోన్‌ను స్ప్లిట్‌లోంచి సాంగ్ రికార్డింగుకు మార్చడమే.

11వ రోజు: మూడు మెట్లు మొరాయించాయి

ఒక మెట్టు అసలు పలకలేదు, రెండు మెట్లు మెల్లగా తాకినా ఉలిక్కిపడేలా అరిచాయి. టచ్ ఉన్న కీబోర్డులో ఒక్కో మెట్టు కింద రెండు కార్బన్ కాంటాక్టులుంటాయి. రెండూ కలిసే మధ్య వ్యవధిని బట్టి వేగం లెక్కకడుతుంది. ఒకదాని మీద దుమ్ము చేరితే లెక్క తప్పి, శబ్దం రాకపోవడమో గరిష్ఠంగా రావడమో జరుగుతుంది. మండపంలో విభూతి, కుంకుమ, కర్పూరం మసి, వాటిపైన సీమ ఎర్రదుమ్ము. ఆశ్చర్యం ఏముంది.

అడాప్టరు, సెల్స్ తీసి, మెత్తటి దుప్పటి మీద బోర్లించి, కింది స్క్రూలు విప్పాలి. పొడుగువి పొట్టివి కలవకుండా ఒక కాగితం మీద కీబోర్డు ఆకారం గీసి, ఎక్కడివి అక్కడ గుచ్చాలి. పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే ప్లాస్టిక్ చీలి పై ప్యానెల్‌లో తేలుతుంది. రిబ్బన్ కేబుల్ పట్టుకుని లాగొద్దు, గొళ్లెం ఉంటే ముందు అది ఎత్తాలి. రబ్బరు పట్టీలను సబ్బునీళ్లలో కడిగి నీడలో పూర్తిగా ఆరబెట్టాలి, ఎండలో కాదు. బోర్డు మీది నల్ల కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో మెల్లగా తుడవాలి. గీకితే, గరుకు కాగితం రుద్దితే కార్బన్ పొర పోతుంది, ఆ మెట్టు పని అంతటితో సరి. మూడు మెట్లూ పలికాయి. వాడనప్పుడు కప్పడానికి పాత నూలు పంచె చాలు, ప్లాస్టిక్ కవరు లోపల వేడి పట్టేస్తుంది.

13వ రోజు: పూర్తి రాత్రి భజన

రాత్రి 9 నుంచి తెల్లవారుజాము దాకా. రెండు అడ్డంకులు.

హరికథ నడిచిన ముప్పావుగంట సేపు ఎవరూ కీబోర్డు ముట్టలేదు. తిరిగి వాయించబోతే ఆరిపోయి ఉంది. ఆటో పవర్ ఆఫ్. యమహా పీఎస్‌ఆర్-ఇ రకాల్లో తయారీ సెట్టింగు 30 నిమిషాలు. మెనూలో ఆఫ్ చెయ్యవచ్చు, లేదా ఎడమ చివరి మెట్టు పట్టుకుని ఆన్ చెయ్యవచ్చు. చేతులు తడబడితే ప్రమాదం ఉంది: కుడి చివరి తెల్లమెట్టు పట్టుకుని ఆన్ చేస్తే అది ఫ్యాక్టరీ సెట్టింగులకు పోయే దారి, 12 రిజిస్ట్రేషన్లూ గోవిందా. ఎడమ చివర ఆకుపచ్చ టేపు, కుడి చివర ఎర్ర టేపు అంటించాం. ఆన్ చేసిన ప్రతిసారీ బ్యాంకు 1 బటన్ 1 నొక్కాకే వాయించాలి, ఎందుకంటే కొన్ని విలువలు ఆరిపోగానే మొదటికి వస్తాయి.

అర్ధరాత్రి దాటాక కరెంటు పోయింది. సెల్స్ లోపల ఉన్నాయి కాబట్టి కీబోర్డు ఆగలేదు, యాంప్లిఫయర్ ఆగింది. వై కేబుల్ పిన్ను పీకగానే కీబోర్డు సొంత స్పీకర్లు మోగాయి. పిన్ను ఉన్నంతసేపూ అవి మూగగా ఉంటాయన్నది గుర్తుంటేనే ఇది తోస్తుంది. పెద్దాయన "రవ్వంత దించన్నా" అన్నది అప్పుడే. మైకు లేకుండా అంత శ్రుతిలో గొంతు చాలదు. ట్రాన్స్‌పోజ్ 0 నుంచి -1. పట్టుకుని ఉన్న డ్రోన్ పాత శ్రుతిలోనే సాగింది, మెట్టు వదిలి మళ్లీ నొక్కాకే దిగింది. పాట మొదలయ్యాక ట్రాన్స్‌పోజ్ మార్చాలంటే చరణం చివర, చేతులు పైకి తీసి మార్చాలి.

మిగిలిన పని: బ్యాంకు 4 ను 7 శ్రుతికి, అంటే -1 కు, అదే నాలుగు బటన్ల వరసలో నింపి, టేపు మీద రాసి, పెన్‌డ్రైవ్‌కు మళ్లీ బ్యాకప్ తీసుకోవాలి. సెల్స్ ఆరూ ఒకేసారి మార్చాలి, కొత్తవి పాతవి కలపకూడదు.